హామ్ రేడియో వినడానికి మొదటి రిసీవర్: డాంగిల్ కొనాలా, సొంతంగా కట్టుకోవాలా?

హామ్‌లు అంటే లైసెన్స్ తీసుకుని సరదా కోసం రేడియోలో మాట్లాడుకునేవాళ్లు. వాళ్లను వినడానికి "ఏ ఎస్‌డీఆర్ కొనమంటారు?" అని, అంటే సిగ్నల్‌ను కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో విప్పే రిసీవర్ ఏది కొనాలని, అడిగేవాళ్లకు నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. 30 మెగాహెర్ట్జ్‌కు పైన వినాలనుందా, కింద వినాలనుందా? ఇది తేలితే సగం పని అయిపోయినట్టే. పైన అంటే ఊళ్లో రెండు మీటర్ల బ్యాండ్ రిపీటర్లు (మాటలను అందుకుని మళ్లీ ప్రసారం చేసే కేంద్రాలు), విమానాల సిగ్నళ్లు, ఉపగ్రహాలు, అంతరిక్ష కేంద్రం. కింద అంటే షార్ట్‌వేవ్. ఏ తిరునెల్వేలి నుంచో ఒకాయన 40 మీటర్ల బ్యాండ్‌లో మాట్లాడుతుంటే మన మేడ మీది తీగతో పట్టుకోవడం.

పైదానికి డాంగిల్‌ను, అంటే కంప్యూటర్ యూఎస్‌బీకి గుచ్చే చిన్న రిసీవర్ ముక్కను, మించిన బేరం లేదు, అక్కడ వాదన అనవసరం. పేచీ అంతా కిందదాని దగ్గరే. రెండు డయోడ్లు, ఒక క్రిస్టల్‌తో కట్టుకున్న రిసీవర్ కంప్యూటర్‌కు గుచ్చిన డాంగిల్ కంటే శుభ్రంగా వినిపించే ఇళ్లున్నాయి. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం షార్ట్‌వేవ్ మీదే నడుస్తుంది.

జేబులో చెయ్యి పెట్టేముందు

నెదర్లాండ్స్‌లోని ట్వెంటె యూనివర్సిటీలో ఒక వెబ్‌ఎస్‌డీఆర్ ఉంది. బ్రౌజర్ తెరిచి 0 నుంచి 29 మెగాహెర్ట్జ్ దాకా ఎవరికి నచ్చిన చోట వాళ్లు ట్యూన్ చేసుకోవచ్చు, ఉచితంగా. అలాగే కివీఎస్‌డీఆర్ అనే రిసీవర్లను ప్రపంచమంతటా హామ్‌లు తమ ఇళ్లలో పెట్టి నెట్‌లో అందరికీ తెరిచి ఉంచారు. మ్యాప్‌లో మనకు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుని, మోడ్ ఎల్‌ఎస్‌బీలో (ఫ్రీక్వెన్సీకి కింది పక్కన మాత్రమే మాటలు పంపే సైడ్‌బ్యాండ్ పద్ధతి) పెట్టి, ఉదయం పూట 7.050 నుంచి 7.150 మధ్య తిరగండి. సైడ్‌బ్యాండ్ గొంతును సరిగ్గా ట్యూన్ చేయడం, మోర్స్ ఎక్కడ ఉంటుంది, 7.074 దగ్గర ఎఫ్‌టీ8 అనే డిజిటల్ సందేశాల పద్ధతి ఎలా వినిపిస్తుంది, ఇవన్నీ రూపాయి ఖర్చు లేకుండా వచ్చేస్తాయి.

ఎవరి రిసీవర్‌తోనో వింటే మజా ఏముందంటారా? నిజమే. కానీ సొంత రిసీవర్ వచ్చాక కూడా దీనితో పని పడుతుంది. మీ దగ్గర నిశ్శబ్దంగా ఉండి దగ్గర్లోని కివీలో గొంతులు వినిపిస్తుంటే తప్పు మీ యాంటెన్నాలోనో మీ ఇంటి కరెంటు పరికరాల నాయిస్‌లోనో ఉన్నట్టు. రెండు చోట్లా ఏమీ లేకపోతే చాలావరకు బ్యాండే మూసుకుపోయినట్టు. సోల్డరింగ్ ఐరన్ చేతిలోకి తీసుకునే ముందు ఈ సంగతి తేల్చుకుంటే బోలెడు టైమ్ మిగులుతుంది.

డాంగిల్

నిజానికి ఇది డిజిటల్ టీవీ చూడటానికి తయారైన చవక యూఎస్‌బీ ముక్క. ఇందులో ఉండే రియల్‌టెక్ ఆర్‌టీఎల్2832యూ చిప్ ముడి శాంపిళ్లను (సిగ్నల్‌ను కొలిచిన అంకెలను) నేరుగా కంప్యూటర్‌కు పంపగలదని 2012లో బయటపడింది. ఫిన్లాండ్‌కు చెందిన లైనక్స్ డెవలపర్ ఆంటీ పలోసారి చూపించిన ఆ దారిలో ఓస్మోకామ్ అనే ఓపెన్ సోర్స్ బృందం సాఫ్ట్‌వేర్ రాసింది. అక్కడి నుంచి టీవీ ముక్క కాస్తా అందరి రేడియో అయింది. ఇప్పుడు అమ్మేవి రేడియో కోసమే చేసినవి. అల్యూమినియం డబ్బా, ఒక పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) కచ్చితత్వం ఉన్న క్లాక్, యాంటెన్నా తగిలించే ఎస్‌ఎంఏ కనెక్టర్ ఉంటాయి. అమెరికా ధరలో 40 డాలర్ల చుట్టుపక్కల. ఇక్కడికి వచ్చేసరికి కస్టమ్స్, కొరియర్ కలుస్తాయి.

మామూలు ఆర్820టీ2 ట్యూనర్ ఉన్న డాంగిల్ 24 నుంచి 1,766 మెగాహెర్ట్జ్ దాకా వింటుంది. తెర మీద ఒకేసారి సుమారు 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పు కనిపిస్తుంది. అంటే 144 నుంచి 146 వరకు రెండు మీటర్ల బ్యాండ్ మొత్తం ఒక్క చూపులో. ఎవరు ఎక్కడ మైక్ నొక్కినా వాటర్‌ఫాల్ (సిగ్నళ్లను కిందికి జారే గీతలుగా చూపే చిత్రం) మీద గీత పడుతుంది. అంతరిక్ష కేంద్రం నెత్తి మీదుగా పోతున్నప్పుడు 145.800 దగ్గర వ్యోమగాములు హామ్‌లతో మాట్లాడే రోజు దొరికితే, మేడ మీద నిలబడి మామూలు డైపోల్‌తో (రెండు చేతుల యాంటెన్నా) వినొచ్చు. 1090 మెగాహెర్ట్జ్‌లో విమానాలు తమ స్థానం, ఎత్తు తామే చెబుతుంటాయి. శంషాబాద్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఇది కాలక్షేపం కాదు, వ్యసనం.

ఒక హెచ్చరిక. పాత వ్యాసాలూ వీడియోలూ చూసి 137 మెగాహెర్ట్జ్‌లో నోవా వాతావరణ ఉపగ్రహాల బొమ్మల కోసం డాంగిల్ కొంటున్నారేమో, ఆగండి. ఆ బొమ్మలు పంపుతూ మిగిలిన మూడూ, అంటే నోవా 15, 18, 19, 2025లో మూగబోయాయి. అదే ప్రాంతంలో రష్యా మెటియోర్ ఉపగ్రహాలు డిజిటల్ బొమ్మలు పంపుతున్నాయి. కాబట్టి ఆశ పూర్తిగా వదులుకోనక్కర్లేదు. కాకపోతే పాత పాఠం అక్షరం పొల్లుపోకుండా పాటిస్తే తెర ఖాళీగానే ఉంటుంది.

ఇక షార్ట్‌వేవ్. వీ3 అనే రకంలో ట్యూనర్‌ను పక్కనపెట్టి సిగ్నల్‌ను నేరుగా శాంపిల్ చేస్తారు. క్లాక్ 28.8 మెగాహెర్ట్జ్ కాబట్టి 14.4 దగ్గర అద్దం పెట్టినట్టు అవుతుంది. 21.7 మెగాహెర్ట్జ్‌లో ఉన్నది 7.1 దగ్గరకొచ్చి కూర్చుంటుంది. 21.7 చుట్టుపక్కల ఏమున్నాయి? షార్ట్‌వేవ్ ప్రసార కేంద్రాలు. పగటి పూట 40 మీటర్లలో ఎవరిదో ప్రసంగం వినిపిస్తే అది నిజంగా అక్కడే ఉందనుకోకండి. వీ4 రకంలో ఈ తలనొప్పి లేదు. షార్ట్‌వేవ్‌ను లోపలే పైకి మార్చి ట్యూనర్‌కు అందిస్తుంది. అందుకే షార్ట్‌వేవ్ కూడా కావాలంటే వీ4 తీసుకోమంటాను. దానికి కొత్త డ్రైవర్ తప్పనిసరి. పాత డ్రైవర్‌తో గుచ్చి ఏమీ రావడం లేదని వాపసు పంపేవాళ్లున్నారు.

వీ3 అయినా వీ4 అయినా మారని సంగతి ఒకటుంది. లోపల 8 బిట్లే. బిట్‌కు సుమారు 6 డెసిబెల్స్ చొప్పున లెక్కేస్తే, ఒకేసారి పట్టగల బలమైన, నీరసమైన సిగ్నళ్ల మధ్య తేడా 50 దాటదు. సాఫ్ట్‌వేర్‌లో వెడల్పు తగ్గించే కొద్దీ కొంత మెరుగవుతుంది గానీ అసలు ఇబ్బంది పోదు. పక్క వీధిలో డీజే మోగుతుంటే ఫోన్‌లో అవతలివాళ్ల మాట వినబోయినట్టు ఉంటుంది. ఇక్కడ డీజే ఎవరంటే మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్. హైదరాబాద్‌లో ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్, విజయవాడలో 837. వాటికి దగ్గర్లో ఉండి పొడుగు తీగ తగిలిస్తే డాంగిల్ ఉక్కిరిబిక్కిరై, లేని చోట్ల కూడా స్టేషన్లు చూపిస్తుంది. గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) తగ్గించి చూడండి. ఒక్కసారిగా సగం "స్టేషన్లు" మాయమైతే అవన్నీ దొంగవే. మీడియం వేవ్‌ను ఆపే ఫిల్టర్ ఒకటి కొన్ని కాయిళ్లు, కెపాసిటర్లతో ఇంట్లోనే చేసుకోవచ్చు. మొదటి సోల్డరింగ్ పనిగా అది చాలా మంచిది.

రిసీవర్ కంటే ముందు ఇల్లు

డాంగిలా, తర్వాత చెప్పబోయే 150 డాలర్ల పెట్టా అని తలబద్దలు కొట్టుకునే ముందు ఈ పరీక్ష చేయండి. ల్యాప్‌టాప్‌ను చార్జర్ నుంచి తీసి బ్యాటరీ మీద నడపండి. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర వాటర్‌ఫాల్ అడుగు (సిగ్నల్ ఏదీ లేని చోట హోరు మట్టం) ఎక్కడుందో రాసుకోండి. ఇంట్లోవాళ్లకు చెప్పి మెయిన్ స్విచ్ దించండి (సీరియల్ టైమ్‌లో వద్దు, గొడవలవుతాయి). అడుగు ఒక్కసారిగా పడిపోతే శత్రువు ఇంట్లోనే ఉన్నాడు. ఇన్వర్టర్ యూపీఎస్ కరెంట్ పోగానే నడవడం మొదలెడుతుంది, దాన్ని కూడా ఆపాలి. తర్వాత ఒక్కో ఎంసీబీ ఎత్తుతూ రండి.

మామూలుగా దొరికే దొంగలు ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్లు, మేడ మీద సోలార్ ఇన్వర్టర్. తెర మీద సమాన దూరాల్లో నిలువు గీతలు వరసగా నిలబడి, మెల్లగా అటూ ఇటూ జరుగుతున్నాయంటే అది స్విచింగ్ పవర్ సప్లై. మెయిన్ దించినా అడుగు కదలకపోతే నాయిస్ పక్కింటిదో వీధిదో. అప్పుడు రిసీవర్ మార్చి లాభం లేదు, యాంటెన్నా మార్చాలి.

యాంటెన్నా విషయంలో నా మాట మొండిగానే ఉంటుంది. డబ్బులో సగం దానికే పెట్టండి. 40 మీటర్ల డైపోల్ అంటే మొత్తం 20 మీటర్ల తీగ, మధ్యలో కోయాక్స్ (టీవీ కేబుల్ లాంటిది). మేడ మీద బట్టలారేసే తీగకు సమాంతరంగా కట్టినా పనిచేస్తుంది, ఎత్తు ఎంత ఉంటే అంత మంచిది. అపార్ట్‌మెంట్ బాల్కనీ మాత్రమే ఉన్నవాళ్లకు లూప్ యాంటెన్నా (గుండ్రంగా వంచిన తీగ) దారి. అయితే యూలూప్ లాంటి యాంప్లిఫయర్ లేని లూపులు చాలా సున్నితమైన రిసీవర్లతోనే రాణిస్తాయి. డాంగిల్‌కు తగిలిస్తే నీరసంగా ఉంటుంది. ఈ జోడీ చూసుకోకుండా రెండూ విడివిడిగా కొంటే రెండూ అటకెక్కుతాయి. పిడుగుల కాలంలో తీగ ఊడదీసి బయట పడేయడం మరిచిపోవద్దు.

చేత్తో కట్టుకునేది

ఇప్పుడు నాకిష్టమైన భాగం. 40 మీటర్లలో మాటలు వినడానికి డైరెక్ట్ కన్వర్షన్ రిసీవర్ చాలు. యాంటెన్నా నుంచి వచ్చినదాన్ని అదే ఫ్రీక్వెన్సీ దగ్గర ఆసిలేటర్‌తో (ఒకే ఫ్రీక్వెన్సీ సిగ్నల్ పుట్టించే సర్క్యూట్) కలిపితే నేరుగా ఆడియో వస్తుంది. ఐఎఫ్ (మధ్యలో మరో ఫ్రీక్వెన్సీకి మార్చడం) గొడవ లేదు. పాత సర్క్యూట్లన్నీ ఇలా కలిపే ఎన్‌ఈ602 మిక్సర్ చిప్‌తో ఉంటాయి. ఇప్పుడు అది కాళ్ల ప్యాకేజీలో దొరకడం కష్టం, దొరికినవాటిలో నకిలీలు ఎక్కువ. దాని కోసం వెతకడం మానేయండి.

బదులుగా రష్యన్ హామ్ వ్లదిమిర్ పోల్యకోవ్ పేరు మీద నిలిచిపోయిన మిక్సర్ వాడండి. రెండు 1ఎన్4148 డయోడ్లను ఎదురెదురు దిక్కుల్లో సమాంతరంగా కలపడమే. దీని తమాషా ఏమిటంటే ఆసిలేటర్ సగం ఫ్రీక్వెన్సీలో నడిస్తే చాలు. 3.579545 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ తెలుసు కదా? ఇంజనీరింగ్ కాలేజీ డీటీఎంఎఫ్ (ఫోన్ బటన్ల టోన్) ప్రాజెక్టుల్లో ఎంటీ8870 చిప్ పక్కన ఉండేది. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే చాలు. దాన్ని రెట్టింపు చేస్తే 7.159 మెగాహెర్ట్జ్. మన దేశంలో 40 మీటర్ల బ్యాండ్ 7.0 నుంచి 7.2 దాకా, కాబట్టి సరిగ్గా బ్యాండ్ లోపలే పడుతుంది. క్రిస్టల్ బదులు అదే విలువ ఉన్న సిరామిక్ రెసొనేటర్ పెట్టి, పాత పాకెట్ రేడియోలోని గ్యాంగ్ కెపాసిటర్ తగిలిస్తే కిందికి పదుల కిలోహెర్ట్జ్ లాగవచ్చు. ఉదయం ఎక్కువమంది కబుర్లు చెప్పుకునే చోటికి అలా చేరుకుంటారు.

ఆసిలేటర్ సగం ఫ్రీక్వెన్సీలో ఉండటం వల్ల ఇంకో మేలుంది. మామూలు డైరెక్ట్ కన్వర్షన్‌లో ఆసిలేటర్ సిగ్నల్ యాంటెన్నా గుండా బయటికి పోయి, ఇంటి వైరింగ్‌ను తాకి, 50 హెర్ట్జ్ హమ్ మోసుకుని మళ్లీ లోపలికి వస్తుంది. ఇక్కడ లీకయ్యేది 3.58 కాబట్టి 7 మెగాహెర్ట్జ్‌లో ఆ హమ్ చాలా తక్కువ. ఒకే ఒక్క చోట జాగ్రత్త పడాలి. డయోడ్లకు అందే ఆసిలేటర్ వోల్టేజ్ ఎక్కువైనా తక్కువైనా రిసీవర్ చెవిటిదవుతుంది. అక్కడొక ప్రీసెట్ (తిప్పి విలువ మార్చే రెసిస్టర్) పెట్టి, యాంటెన్నా తగిలించి, చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పుతూ పోతే బ్యాండ్ హోరు ఒక్కచోట ఉబుకుతుంది. అక్కడ ఆపేయండి.

మిక్సర్ తర్వాత ఆడియోను భారీగా పెంచాలి. ఎల్‌ఎం386 ఆడియో చిప్ ఒక్కటే 200 రెట్లు పెంచుతుంది, అది సరిపోదు. దానికి ముందు బీసీ549 ట్రాన్సిస్టర్‌తో ఒక ప్రీయాంప్ కావాలి. వైర్లు పొట్టిగా, గ్రౌండ్ వెడల్పుగా ఉండాలి. బ్రెడ్‌బోర్డ్ (సోల్డర్ లేకుండా పార్టులు గుచ్చే బోర్డు) వద్దు. ఏమీ గీయని రాగి బోర్డు ముక్క మీద పార్టులను నేరుగా సోల్డర్ చేసుకుంటూ పోవడమే ఈ పనికి సరైన పద్ధతి. చూడ్డానికి పిచ్చుక గూడులా ఉన్నా పనిచేస్తుంది. 12 వోల్టుల బ్యాటరీతో నడపండి.

లోపాలు? ఒక్క బ్యాండే. సైడ్‌బ్యాండ్లు రెండూ వినిపిస్తాయి కాబట్టి మనకు అక్కర్లేని పక్క స్టేషన్ కూడా మీదికొస్తుంది. బోర్డు మీద తడితే స్పీకర్‌లో టక్ మంటుంది. బ్యాండ్‌లో ఎక్కడెక్కడ ఎవరున్నారో కనిపించదు, వెతుక్కోవాలి. అయినా బ్యాటరీ మీద, హెడ్‌ఫోన్స్‌లో ఇది ఇచ్చే శుభ్రమైన శబ్దం డాంగిల్ ఇవ్వదు. కంప్యూటర్, యూఎస్‌బీ నాయిస్ రెండూ సీన్‌లోనే ఉండవు కదా.

వాటర్‌ఫాల్ కూడా కావాలి, చేత్తోనూ కట్టాలి అంటే మధ్యేమార్గం ఉంది. అమెరికన్ హామ్ టోనీ పార్క్స్ సాఫ్ట్‌రాక్ కిట్లతో ప్రాచుర్యంలోకి వచ్చిన పద్ధతి. ఎఫ్‌ఎస్‌టీ3253 అనే స్విచ్ చిప్‌తో టేలో డిటెక్టర్ (యాంటెన్నా సిగ్నల్‌ను రెండు ఆడియో సిగ్నళ్లుగా మార్చే మిక్సర్), ఆసిలేటర్‌గా ఎస్‌ఐ5351 క్లాక్ బోర్డు, దాన్ని నడిపే ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్. వచ్చే రెండు ఆడియో సిగ్నళ్లు సౌండ్‌కార్డ్ ఎడమ, కుడి చానళ్లకు వెళ్తాయి, మిగతా పని సాఫ్ట్‌వేర్‌ది. 96 కిలోహెర్ట్జ్ సౌండ్‌కార్డ్ అయితే బ్యాండ్‌లో 96 కిలోహెర్ట్జ్ ముక్క తెర మీద కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ల్యాప్‌టాప్ మైక్ జాక్ సాధారణంగా మోనో. స్టీరియో లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్‌కార్డ్ విడిగా కొనాలి, దాని ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. చవక కార్డుల పేకెట్ మీద "స్టీరియో" అని ఉన్నా అది హెడ్‌ఫోన్ వైపుకే వర్తిస్తుంది.

మధ్య తరగతి పెట్టెలు, పెద్ద పెట్టె

షార్ట్‌వేవే ముఖ్యం, సోల్డరింగ్ ఓపిక లేదు అనేవాళ్లకు ఎయిర్‌స్పై హెచ్‌ఎఫ్ ప్లస్ డిస్కవరీ, ఎస్‌డీఆర్‌ప్లే ఆర్‌ఎస్‌పీ1బీ ఉన్నాయి. రెండూ 150 డాలర్లకు అటూ ఇటూ. ఎయిర్‌స్పై తక్కువ వెడల్పు చూపిస్తుంది గానీ బలమైన స్టేషన్ల మధ్య నీరసమైన గొంతును నిలబెట్టడంలో దిట్ట. మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ నీడలో ఉన్నవాళ్లకు నా ఓటు దీనికే. ఆర్‌ఎస్‌పీ1బీ 14 బిట్లతో 10 మెగాహెర్ట్జ్ వెడల్పు దాకా చూపిస్తుంది, 2 గిగాహెర్ట్జ్ దాకా వింటుంది. అన్నీ కొంచెం కొంచెం కావాలంటే అది.

హ్యాక్‌ఆర్‌ఎఫ్ వన్ మొదటి రిసీవర్‌గా వద్దు. 1 మెగాహెర్ట్జ్ నుంచి 6 గిగాహెర్ట్జ్ అన్న అంకె చూసి మోజు పడతారు గానీ వినడంలో అదీ 8 బిట్లదే, అసలుది 300 డాలర్లకు పైమాటే. ప్రసారం కూడా చేయగలదు. అందులోనే చిక్కు. ఫిల్టర్ లేకుండా ప్రసారం చేస్తే హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెండింతలు, మూడింతల దగ్గర పుట్టే సిగ్నళ్లు) ఇతరుల బ్యాండ్లలో పడతాయి. లైసెన్స్ లేకుండా చేస్తే చట్టంతో చిక్కు. ప్రయోగశాలలో సిగ్నళ్లను తెలుసుకోవాలనుకునేవాళ్ల పరికరం అది.

వినడం సరే, మాట్లాడాలంటే

మాట్లాడటమే లక్ష్యమైతే లెక్క మారుతుంది. అప్పుడు రిసీవర్ల మీద డబ్బు పోయడం మానేసి బిట్‌ఎక్స్ కుటుంబం వైపు చూడండి. ఇది మనవాళ్లదే. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్, కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే రేడియో పేరు) వీయూ2ఈఎస్‌ఈ, ఇక్కడి బజార్లో దొరికే పార్టులతోనే 14 మెగాహెర్ట్జ్ సైడ్‌బ్యాండ్ ట్రాన్స్‌సీవర్ (వినడం, పంపడం రెండూ చేసేది) ఒకటి రూపొందించి డిజైన్‌ను అందరికీ ఇచ్చేశారు. విదేశీ టొరాయిడ్లు (కాయిల్ చుట్టే ఉంగరాలు) దొరకని వాళ్లు కాయిళ్లను నీళ్ల కుళాయి వాషర్ల మీద చుట్టుకోవచ్చని చూపించారు. ప్రపంచంలో ఎక్కడెక్కడి హామ్‌లో దాన్ని కట్టుకున్నారు. తర్వాత వచ్చిన మైక్రోబిట్‌ఎక్స్ 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది, శక్తి సుమారు 10 వాట్లు, కింది బ్యాండ్లలో ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. కోడ్, సర్క్యూట్ రెండూ బహిరంగమే కాబట్టి విప్పి మార్చుకోవడానికి వెనకాడక్కర్లేదు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌తో నడిచే ఎస్‌బిట్‌ఎక్స్ దీని ఎస్‌డీఆర్ తమ్ముడు.

ప్రసారానికి ముందు ఏఎస్‌ఓసీ (అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ సర్టిఫికెట్) పరీక్ష రాసి, టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం డబ్ల్యూపీసీ నుంచి లైసెన్స్ తీసుకోవాలి. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ వాళ్లకు వీయూ3, జనరల్ గ్రేడ్ వాళ్లకు వీయూ2 కాల్‌సైన్లు. హైదరాబాద్‌లో 1983 నుంచి ఉన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ పరీక్షకు శిక్షణ ఇస్తూ వస్తోంది. పరీక్ష సిలబస్‌లో సగం ఎలక్ట్రానిక్సే. చేత్తో రిసీవర్ కట్టినవాళ్లకు ఆ సగం కోసం విడిగా చదవాల్సింది పెద్దగా ఉండదు.

ఎవరికి ఏది

చేతిలో సోల్డరింగ్ ఐరన్ పట్టని కాలేజీ కుర్రాడికి వీ4 డాంగిల్, దానితో వచ్చే డైపోల్. ముందు రెండు మీటర్లు, 1090, తర్వాత షార్ట్‌వేవ్. ఎలక్ట్రానిక్స్ టీచర్‌కో, రిటైరై తీరిక దొరికిన ఇంజనీర్‌కో పోల్యకోవ్ రిసీవర్. పల్లెలో, తోటలో నాయిస్ లేని చోట ఉండి పొడుగు తీగ కట్టగలిగినవాళ్లు అదృష్టవంతులు. అక్కడ ఏది కొన్నా బాగానే వినిపిస్తుంది, కాబట్టి చవకది కొనండి. నగరం నడిబొడ్డున బాల్కనీ మాత్రమే ఉంటే ఎయిర్‌స్పై, యూలూప్ జోడీ. అదీ మెయిన్ స్విచ్ పరీక్ష చేశాకే. ఆ పరీక్షలో నాయిస్ పక్కింటిదని తేలి, పొరుగువాళ్లతో పోట్లాడలేకపోతే, కివీతోనే కానివ్వండి. మీ డబ్బు 145 మెగాహెర్ట్జ్ యాంటెన్నాకు పనికొస్తుంది.

డాంగిల్ ఆర్డర్ పెట్టేటప్పుడు అమ్మేది ఎవరో చూసుకోండి, వీ4 పేరుతో వేరే ట్యూనర్ పెట్టి అమ్మేవి చాలా తిరుగుతున్నాయి. అదే ఆర్డర్‌లో ఎస్‌ఎంఏ నుంచి బీఎన్‌సీకి మార్చే అడాప్టర్ ఒకటి, మూడడుగుల యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఒకటి, నాయిస్‌ను ఆపడానికి ఆ కేబుల్‌కు బిగించే ఫెరైట్ ముక్కలు రెండు వేసుకోండి. డాంగిల్‌ను ల్యాప్‌టాప్‌కు నేరుగా గుచ్చితే ల్యాప్‌టాప్ నాయిస్ అంతా దానికే ఎక్కుతుంది.